ఇంటి కంప్యూటరునకు కావలి యెవరు?

నేటి ప్రసంగమునకు విషయము ఇంటి కంప్యూటరు. ఇది పట్టణవాసులైన యువకుల వ్యవహారము గదా, పల్లెటూళ్ల వృద్ధులమైన మనకేల యని కొందరు తలంపవచ్చును. కాని యొక్కసారి యోచింపుడు. మన పొలముల హక్కుల లెక్కలు నేడు ప్రభుత్వమువారి కంప్యూటర్లలో నున్నవి. పింఛను బ్యాంకు ఖాతాలో పడుచున్నది. దూరదేశములందున్న కొడుకులు, కూతుళ్లు తెరమీద గనబడి యోగక్షేమములు విచారించుచున్నారు. మనుమని చదువునకై కొన్నదో, కుమారుడు క్రొత్తది కొనుక్కొని విడిచిపెట్టిపోయినదో, ఒక కంప్యూటరు మన యిండ్లలోనికి వచ్చి కూర్చున్నది. ఇంటికి వచ్చిన వస్తువు మంచిచెడ్డలు విచారించుట యింటి యజమానుని ధర్మము. ఎద్దునకు జబ్బు చేసినప్పుడు అది పాలేరు విషయమని మనము ఊరకుండము గదా!

ఇప్పుడీ మాట యెత్తుటకు కారణము కలదు. 2025వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీన మైక్రోసాఫ్టు కంపెనీవారు, 'విండోస్ 10' అను తమ సాఫ్టువేరునకు అంతవరకు ఉచితముగా చేయుచుండిన మరామతులను సాధారణముగా నిలిపివేసిరి. ఇండ్లలోని పాత కంప్యూటర్లు అనేకము దానితోనే నడచుచుండినవి. నాటినుండి మన చెవిని రెండు మాటలు పడుచున్నవి. "ఈ యంత్రము ఇక పనికిరాదు, పారవేసి క్రొత్తది కొనుడు" అనునది యొకటి. "ఏమియు కాదు, నడచినన్నాళ్లు నడవనిండు" అనునది రెండవది. ఈ రెండును సంపూర్ణ సత్యములు కావు. మొదటి మాట విన్నచో సొమ్ము వృథాగా పోవచ్చును; రెండవ మాట విన్నచో సొమ్మును, పరువును, దాచుకొన్న పత్రములును పోవచ్చును. సత్యమేదో నిదానించి చూతము.

మొదట ఆపరేటింగు సిస్టమనగా నేమో తెలిసికొనవలెను. కంప్యూటరులో రెండంశములు కలవు. కంటికి గనబడు యంత్రమొకటి. దానిని నడపు ఆజ్ఞల సముదాయమొకటి. ఈ రెండవదానికే సాఫ్టువేరని పేరు. ఉత్తరములు వ్రాయుటకొక సాఫ్టువేరు, లెక్కలు కట్టుట కొకటి, పాటలు వినుట కొకటి, ఇట్లనేకములు కలవు. వీని యన్నిటికిని పైన నిలిచి, యంత్రమునంతటిని పాలించు సాఫ్టువేరునకే ఆపరేటింగు సిస్టమని పేరు. విండోస్, లినక్సు, ఆపిల్ కంపెనీవారి మ్యాక్ ఓయెస్ అనునవి యీ జాతికి చెందినవి.

దీని పని యెట్టిదో మన పూర్వపు గ్రామవ్యవస్థనుబట్టి గ్రహింపవచ్చును. కరణము, మునసబు ఉద్యోగములు 1984 ప్రాంతమున రద్దగుటకు పూర్వము ఊరి పాలన యెట్లు జరిగెడిదో మీలో పలువురకు జ్ఞాపకముండును. తెలంగాణమున పట్వారీ, పటేలు అనెడివారు. ఏ సర్వే నెంబరు ఎవరిదో, ఏ పొలము ఏ దిక్కున నున్నదో కరణముగారి దస్త్రములో నుండెడిది. చెరువు నీటిని వంతుల ప్రకారము పొలములకు విడుచుటకు నీరటికాడుండెడివాడు. రాత్రివేళ గస్తీ తిరిగి, క్రొత్తవానిని నిలువబెట్టి "ఎవరు నీవు?" అని యడుగుటకు తలారి యుండెడివాడు. ఈ ముగ్గురి పనియు కంప్యూటరులో ఆపరేటింగు సిస్టమొక్కటియే చేయుచున్నది. ఏ పత్రము ఎచట నున్నదో అది లెక్క వ్రాసికొనును. యంత్రముయొక్క శక్తిని ఆయా సాఫ్టువేర్లకు వంతులు వేసి పంచును. లోనికి రావలసినవారెవరో, రాకూడనివారెవరో విచారించును.

దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. కరణము మారినంత మాత్రమున పొలములు మారవు. అట్లే ఒక ఆపరేటింగు సిస్టమును తొలగించి వేరొకదానిని నిలిపినను యంత్రము యంత్రమే. తలారి నిద్రపోయినచో ఊరికి ముప్పు. అట్లే ఆపరేటింగు సిస్టములోని కావలి చెడినచో, యంత్రము క్రొత్తగా మెరయుచున్నను ఇల్లు భద్రముగా లేదు.

కావలి చెడుట యెట్లు? ఆపరేటింగు సిస్టమనునది కోట్లకొలది పంక్తులుగల గ్రంథమువంటిది. మనుష్యులు వ్రాసినది గనుక అందు దోషములుండక తప్పదు. చెరువు కట్ట ఎంత గట్టిగా వేసినను, ఎండ్రకాయలు, పందికొక్కులు బొరియలు చేయుచునే యుండును గదా. వానకాలమునకు ముందే వానిని వెదకి పూడ్చినచో కట్ట నిలుచును. ఉపేక్షించినచో చిన్న బొరియయే గండియగును. సాఫ్టువేరులో బొరియలు వెదకి పూడ్చుటకే అప్‌డేటని పేరు. మైక్రోసాఫ్టువారు ప్రతి మాసము రెండవ మంగళవారమునాడు ఇట్టి మరామతులను విడుదల చేయుట పరిపాటి. కంప్యూటరు తెరపై అప్పుడప్పుడు "అప్‌డేటు చేయవలయునా?" అని యడుగుట మనలను విసిగించుటకు కాదు, కట్టలో బొరియ కనబడినదని చెప్పుటకు.

మరామతు ఆగిన నాటినుండి ప్రమాదము మునుపటివలెనే యుండునని కొందరనుకొందురు. అట్లు గాదు, దినదినమును పెరుగును. ఎట్లనగా, విండోస్ 11 అనునది విండోస్ 10 యొక్క కట్టడముమీదనే చాలవరకు నిర్మింపబడినది. క్రొత్తదానిలో నేచోట బొరియ పూడ్చిరో చూచిన దొంగ, పాతదానిలోను అదేచోట బొరియ యుండునని గ్రహించును. ఒక కట్టకు జరిగిన మరామతే మరామతు లేని రెండవ కట్ట గుట్టును బయట పెట్టుచున్నది. మరామతు ఆగిన సాఫ్టువేరును ఉపేక్షింపరాదనుటకు ఇదియే ముఖ్యకారణము.

ఇది యూహ కాదు. 2017వ సంవత్సరము మే 12వ తేదీన 'వాన్నాక్రై' అను దుష్ట సాఫ్టువేరు లోకము మీద పడినది. అది కంప్యూటరులో చొచ్చి, అందలి పత్రముల నన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి తాళము వేసి, తాళపుచెవి కావలెనన్నచో మూడువందల డాలర్లు చెల్లింపుమని కోరెడిది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైబడిన కంప్యూటర్లు దాని వాత బడినవి. బ్రిటను దేశపు ప్రభుత్వ వైద్యశాలలలో రోగుల చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశపు పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడ చెడినట్లు నాటి పత్రికలు ప్రకటించినవి. విశేషమేమనగా, ఆ దొంగ ప్రవేశించిన బొరియను పూడ్చు మరామతును మైక్రోసాఫ్టువారు అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే, అనగా సుమారు రెండు మాసములకు పూర్వమే, విడుదల చేసియుండిరి. చేసికొన్నవారు బ్రతికిరి, "రేపు చూతము" అన్నవారు చిక్కిరి. 2014లోనే మరామతు ఆగిపోయిన విండోస్ ఎక్స్‌పీ అను పాత సాఫ్టువేరు వాడుచున్నవారికి మరామతు లేనేలేదు. ఉపద్రవము వచ్చిన పిమ్మట కంపెనీవారు దానికిని ప్రత్యేకముగా మరామతు నొసంగిరి. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నట్లయ్యెను.

కావున మొదటి సూత్రమిది: రక్షణ యనునది అంగడిలో నొకసారి కొని తెచ్చుకొను వస్తువు కాదు, ఎవరో యొకరు నిత్యము చేయుచుండవలసిన పని. ఏ యంత్రము వాడుచున్నను "దీనికి మరామతు చేయువా రెవరు? ఎంతవరకు చేయుదురు?" అని యడుగుట అత్యవసరము.

ఇక విండోస్ 10 గల కంప్యూటరు ఇంటిలోనున్న గృహస్థునకు నాలుగు మార్గములు కలవు.

మొదటి మార్గము, ఆ యంత్రముమీదనే విండోస్ 11 నిలుపుట. అర్హమైన యంత్రమునకు దీనికి వెల యక్కరలేదు. అయితే అన్ని యంత్రములును అర్హములు కావు. 'టీపీఎం 2.0' అను భద్రతా సాధనము ఉండవలెను. కనీసము 4 జీబీ జ్ఞాపకశక్తియు, 64 జీబీ నిలువ స్థలమును ఉండవలెను. కంపెనీవారి పట్టికలోనున్న ప్రాసెసరు కావలెను. స్థూలముగా జెప్పవలెనన్నచో 2018కి పూర్వపు యంత్రములు చాలవరకు అర్హములు కావు. మైక్రోసాఫ్టువారి 'పీసీ హెల్త్ చెక్' అను ఉచిత సాధనము, ఈ యంత్రము అర్హమో కాదో క్షణములో చెప్పును. అంగడివాని మాటకంటె ముందు దీని మాట వినుడు.

రెండవ మార్గము, కొంత గడువు కోరుట. ఇండ్లలో వాడుకొనువారు పేరు నమోదు చేసికొన్నచో విండోస్ 10కు 2026 అక్టోబరు 13వ తేదీవరకు భద్రతా మరామతు లొసంగుదుమని కంపెనీవారు 2025లో ప్రకటించిరి. ఇది గడువే గాని పరిష్కారము గాదు.

మూడవ మార్గము, ఆ కంప్యూటరును ఇంటర్నెట్టునకు ఏనాడును తగిలింపక, ఉత్తరములు వ్రాసికొనుటకు, పాటలు వినుటకు మాత్రమే వాడుకొనుట. ఊరి చివర గోడలేని పొలము ఇల్లు ఎడారిలో నున్నచో దొంగభయము తక్కువయే. కాని పెన్‌డ్రైవుల ద్వారమునను రోగములు వచ్చును గనుక ఇందును జాగరూకత వలయును. బ్యాంకు పనులు మాత్రము ఇట్టి యంత్రముపై చేయరాదు.

నాలుగవ మార్గము, విండోసును విడిచి లినక్సునకు మారుట. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలసియున్నది.

మన చెరువులకు పూర్వము కుడిమరామతు అను ఆచారముండెడిది. సర్కారువారు రాకపోయినను ఊరి రైతులందరును తట్టయు పారయు పట్టి, కలసి కట్టకు మన్నువేసి, కాలువలు పూడిక తీసెడివారు. చెరువు అందరిది, పనియు అందరిది. లినక్సు ఇట్టిదే. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ అను నాతడు, సాఫ్టువేరు లోపలి వ్రాతను అందరును చదువుటకు, దిద్దుటకు, పంచుకొనుటకు స్వేచ్ఛ యుండవలెనను సంకల్పముతో 'గ్నూ' అను కార్యమును ప్రకటించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయములో విద్యార్థిగా నుండిన లీనస్ టోర్వాల్డ్స్ లినక్సు బీజమును రచించి లోకమునకు విడిచిపెట్టెను. నేడు వేలకొలది నిపుణులు, కొందరు జీతమునకు, కొందరు ఊరకయే, దానిని మరామతు చేయుచున్నారు. మీ జేబులోని ఆండ్రాయిడు ఫోనునకు ఆధారమైనదియు ఈ లినక్సు బీజమే. కాబట్టి లినక్సును మనమెరుగమనుట, కందిపప్పు తినుచు కందిచెట్టు చూడలేదనుటవంటిది.

ఈ బీజమునుండి వెలసిన రూపములు పెక్కు కలవు. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, లినక్సు మింటు మొదలైనవి ప్రసిద్ధములు. విండోసునకు అలవాటుపడిన వృద్ధులకు లినక్సు మింటు అనుకూలము. తెర అమరిక ఇంచుమించు పాతదానివలెనే యుండును. 2024లో వెలువడిన దాని 22వ రూపమునకు 2029వరకు మరామతు లుండునని ప్రకటింపబడినది. 4 జీబీ జ్ఞాపకశక్తి గల పాత యంత్రముమీదను అది చక్కగా నడచును. వెల లేదు. కేరళ రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు బహుకాలముగా లినక్సు కంప్యూటర్లమీదనే చదువుకొనుచున్నారు. హైదరాబాదునందలి 'స్వేచ్ఛ' అను సంస్థవారు తెలుగులో గనబడు లినక్సు రూపమును సిద్ధపరచిరి.

ఇట్లని లినక్సు సర్వరోగనివారిణి యని నేను చెప్పను. జర్మనీ దేశమందలి మ్యూనిక్ నగర పాలకులు 2003లో తమ కార్యాలయములను లినక్సునకు మార్చ నిశ్చయించి, పది సంవత్సరములకు ఆ పని ముగించిరి. మరల 2017లో విండోసునకే పోవ నిర్ణయించిరి. మార్పు చిన్నపని కాదనుటకు ఇది నిదర్శనము. విండోసునకై వ్రాయబడిన కొన్ని వ్యాపారపు లెక్కల సాఫ్టువేర్లు లినక్సులో నేరుగా నడవవు. కొన్ని ముద్రణ యంత్రములు, ఎలక్ట్రానిక్ సంతకపు సాధనములు మొరాయించును. అంగడి లెక్కలు, కార్యాలయపు పనులు గలవారు ఈ సంగతి ముందుగా విచారించుకొనవలెను. ఉత్తరములు, లెక్కల పట్టికలు, ఇంటర్నెట్టు, పాటలు, కుమారులతో మాటలాడుట, ఈ పనులు మాత్రమే గలవారికి చిక్కు తక్కువ.

మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. మా గ్రామమున ఒక విశ్రాంత పోస్టుమాస్టరుగారున్నారు. వారి కంప్యూటరు పాతది. విండోస్ 11కు అర్హము కాలేదు. పట్టణములోని అంగడివారు పారవేయుమనిరి. ఆయన నాకడకు వచ్చి, "మాస్టారూ, దేవాలయపు లెక్కలు, మా నాయనగారు వ్రాసిన శతకము ఇందులోనే యున్నవి. పారవేయుటకు నాకు చేతులు రావు" అనిరి. విద్యార్థి యొకడు లినక్సును పెన్‌డ్రైవునుండి నడపి చూపగా యంత్రము చురుకుగా నడచినది. కాని శతకమును తెరచినంతనే పద్యముల కు మారుగా అర్థములేని ఆంగ్లాక్షరములు గనబడినవి. ఆ పెద్దమనిషి ముఖము వెలవెలబోయినది.

కారణమిది. పూర్వపు తెలుగు అచ్చు సాఫ్టువేర్లు, ఆంగ్లాక్షరములకు కేటాయించిన సంఖ్యలకే తెలుగు రూపములు తొడిగెడివి. ఆ ప్రత్యేకపు అక్షరమాల యున్న యంత్రముమీద అది తెలుగు. లేనిచోట ఆంగ్లాక్షరముల గుంపు. 1991లో వెలువడిన యూనికోడు అను అంతర్జాతీయ పద్ధతి ప్రపంచభాషల లిపులకు వేరువేరు స్థానము లేర్పరచినది. అందు తెలుగునకు 128 స్థానములు కలవు. యూనికోడులో వ్రాసిన తెలుగు ఏ యంత్రముమీదనైనను, ఫోనులోనైనను తెలుగుగనే యుండును. ఆ విద్యార్థి పాత వ్రాతను యూనికోడులోనికి మార్చు సాధనముతో శతకమును మార్చి, విండోసులోనున్నప్పుడే పీడీయఫ్ రూపమున ఒక ప్రతి తీసి భద్రపరచెను. ఒత్తులు కొన్ని తారుమారైనవి. వానిని మేమిద్దరము పక్షము దినములు కూర్చుండి దిద్దితిమి. ఆ పిమ్మటనే లినక్సు నిలుపబడినది. పాత తెలుగు పత్రములున్న ప్రతి యింటివారును ముందు ఈ పని చేసికొని, తరువాతనే ఆపరేటింగు సిస్టమును ముట్టవలెను.

మారదలచినవారు పాటింపవలసిన క్రమమును చెప్పెదను. ముందుగా పత్రములు, ఛాయాచిత్రములు, సమస్తమును రెండు వేరువేరు పరికరములలోనికి ప్రతులు తీయుడు; ఒకదానిని ఇంటిలోను, రెండవదానిని బంధువుల యింటిలోను ఉంచుడు. విత్తనపు గింజలను ఒకే గాదెలో పోయము గదా. తరువాత లినక్సును దాని స్వంత వెబ్‌సైటునుండియే తెచ్చి, 8 జీబీ పెన్‌డ్రైవులో నెక్కించుడు. దానినుండి కంప్యూటరును ప్రారంభించినచో, లోపలి డిస్కును ముట్టకయే లినక్సును పరీక్షింపవచ్చును. వైఫై తగులుచున్నదా, ధ్వని వినబడుచున్నదా, ముద్రణ యంత్రము పనిచేయుచున్నదా, ఇన్‌స్క్రిప్టు అమరికలో తెలుగు వ్రాయ వీలగుచున్నదా యని రెండు మూడు దినములు చూడుడు. తృప్తి కలిగిన పిమ్మటనే నిలుపుడు. నిలుపునప్పుడు "డిస్కు నంతయు తుడిచివేయనా?" అని యడుగును, అవునన్నచో పాతదేదియు మిగులదు. ప్రతులు తీసితిమా యని ఆ క్షణమున మరియొకసారి చూచుకొనుడు.

ఇంతవరకు ఇంటిలోని పెట్టె సంగతి. ఇల్లు అలుకగానే పండుగ కాదు. వీధి వాకిలి చూడవలసియున్నది. ఇంటర్నెట్టు తీగె ఇంటిలోనికి వచ్చి ఒక చిన్న పెట్టెలో ముగియును. దీపములు మినుకుమినుకు మనుచుండు ఆ పెట్టెకే రౌటరని పేరు. ఫోనులు, టెలివిజను, కంప్యూటరు, వాకిటి కెమెరా, సమస్తమును ఆ ద్వారముననే రాకపోకలు చేయును. చూచుటకు చిన్నదైనను అదియు నొక కంప్యూటరే. దానికిని ఆపరేటింగు సిస్టము కలదు, బొరియలు కలవు, మరామతు కలదు, మరామతు ఆగిపోవు దినమును కలదు. కంప్యూటరును గూర్చి చెప్పిన ధర్మమంతయు దీనికిని చెల్లును. కాని దీనిని మూలను పెట్టి మరచిపోవుటయే లోకాచారమైనది.

2016లో 'మిరాయ్' అను దుష్ట సాఫ్టువేరు ఈ మరపునే ఆధారము చేసికొన్నది. రౌటర్లు, కెమెరాలు తయారు చేయువారు 'అడ్మిన్' వంటి సులభమైన పేరును, పాస్‌వర్డును పెట్టి అమ్ముదురు. కొన్నవారు వానిని మార్చరు. మిరాయ్ చేతిలో అట్టి జంటలు సుమారు అరువది మాత్రమే యుండినవి. ఆ యరువది తాళపుచెవులతో లోకమందలి యిండ్ల తలుపులను వరుసగా తట్టి, లక్షలకొలది పరికరములను వశపరచుకొన్నది. ఆ యేడు అక్టోబరు 21వ తేదీన ఆ పరికరములనే సేనగా జేసి 'డిన్' అను సంస్థపై దాడి చేయగా, ట్విట్టరు, నెట్‌ఫ్లిక్స్ వంటి ప్రసిద్ధ సేవలు కొన్ని గంటలపాటు అమెరికాలో పెక్కుమందికి అందకపోయినవి. తమ గోడకు తగిలించిన కెమెరా అందు పాల్గొన్నదని ఆ యింటివారికి తెలియనే తెలియదు.

కాబట్టి రౌటరు విషయమున అయిదు పనులు చేయవలెను. మొదటిది: రౌటరునకు రెండు తాళపుచెవులుండునని తెలిసికొనుట. వైఫై పాస్‌వర్డు ఇంటిలోనికి వచ్చుటకు; అడ్మిన్ పాస్‌వర్డు తాళమునే మార్చుటకు. మనవారు మొదటిదానిని మార్చి రెండవదానిని మరతురు. పెట్టె క్రింద అతికించిన కాగితముమీద దాని చిరునామాయు, పేరును ఉండును. పిల్లలచేత తెరపించి రెండింటిని మార్పుడు. రెండవది: వైఫై రక్షణపద్ధతి డబ్ల్యూపీఏ 2 గాని, డబ్ల్యూపీఏ 3 గాని యుండునట్లు చూచుట. 'వెప్' అను పాత పద్ధతి 2001లోనే భేదింపబడినది; అది తడిక తలుపువంటిది. పాస్‌వర్డు ఫోను నెంబరు గాని, ఇంటిపేరు గాని కారాదు. ఒకదానితో నొకటి సంబంధము లేని నాలుగు మాటలు కలిపినచో మనకు జ్ఞాపకముండును, ఇతరులకు దొరకదు. మూడవది: రౌటరు మరామతులు వచ్చుచున్నవో లేదో, తీగె ఇచ్చినవారిని అడుగుట, ఆగిపోయినచో పెట్టెను మార్పుమని కోరుట. నాలుగవది: 'డబ్ల్యూపీఎస్' అను మీట సౌకర్యమును, బయటినుండి రౌటరును నడపు సౌకర్యమును ఆపివేయుట. అయిదవది: అతిథులకును, కెమెరాలకును 'గెస్టు' అను వేరు వైఫై నిచ్చుట. వచ్చినవారిని వసారాలో కూర్చుండబెట్టి గౌరవింతుము. ఇనుపపెట్టె యున్న గదిలో పడుకొనబెట్టము.

ఇవన్నియు చేసినను ఒక ద్వారము మిగిలియున్నది. అది మన నోరు. తలారి ఎంత మెలకువతో నున్నను, యజమానుడే లేచి గడియ తీసినచో వాడేమి చేయగలడు? "మేము మైక్రోసాఫ్టు కంపెనీవారము, మీ కంప్యూటరునకు రోగము వచ్చినది, మేము చెప్పిన సాఫ్టువేరును ఎక్కించుడు" అని ఫోను చేయువారు కలరు. ఆ సాఫ్టువేరు మీ తెరను వారికి చూపును, మీ మౌసును వారి చేతి కిచ్చును. మైక్రోసాఫ్టువారు తమంతట తాము ఎవ్వరికిని ఇట్లు ఫోను చేయరు. అట్లే, సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను ఎన్నడును అక్కరలేదు, చెల్లించుటకే కావలెను. ఈ మాట ఇంటి యాడువారికిని చెప్పియుంచుడు. ఒకవేళ సొమ్ము పోయినచో సిగ్గుపడి దాచుకొనక, ఆ క్షణముననే 1930 అను జాతీయ సహాయ నెంబరునకు ఫోను చేయుడు. గడచిన ప్రతి గడియయు దొంగకే లాభము. దొంగలు పడిన ఆరుమాసములకు కుక్కలు మొరిగి ప్రయోజనమేమి?

పెద్దలారా, పాత వస్తువును పారవేయుట మన స్వభావము గాదు. మరామతు చేసి మూడు తరములు వాడుట మన స్వభావము. కంప్యూటరు విషయమునను ఆ గుణమే మనకు శ్రీరామరక్ష. అయితే మరామతు లేని కట్టక్రింద పంట వేయుటయు మన స్వభావము గాదు. కాబట్టి ప్రతి సంవత్సరము ఉగాదినాడు పంచాంగశ్రవణము ముగిసిన పిమ్మట, మనుమలను మనుమరాండ్రను కూర్చుండబెట్టుకొని మూడు ప్రశ్నలడుగుడు. ఈ కంప్యూటరునకు మరామతు ఎంతవరకు కలదు? ఈ రౌటరునకు మరామతు వచ్చుచున్నదా? మన పత్రముల రెండవ ప్రతి యెచట నున్నది? ఉత్తరము చెప్పుట వారి వంతు. అడుగుట మీ వంతు. యంత్రవిద్య వారికి తెలిసియుండవచ్చును గాని, కట్టను చూచుకొను అలవాటు వారికి మీరు నేర్పవలసినదే.